పాప ఐస్ హాకీ గోలీ అవుతానంటోంది, తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాంప్టన్_నాన్న
మా పాపకి పదకొండేళ్లు. పోయిన చలికాలం టీమ్ గోలీకి, అంటే గోల్ కాసే పిల్లకి, జ్వరమొస్తే కోచ్ మా పిల్లని నిలబెట్టాడు. అంతే, ఇక ఆ మాస్కు వదలనంటోంది. ‘గోలీ’ అంటే గోలీలాటా అని మా అమ్మ గుంటూరు నుంచి ఫోన్‌లో అడిగింది. కాళ్ల ప్యాడ్లు, బ్లాకర్ (పలకలాంటి గ్లవ్), పట్టుకునే గ్లవ్, ఛాతీ కవచం అన్నీ కలిపి షాపులో చెప్పిన ధరకి ఐసు మీదే చెమట పట్టింది నాకు. డబ్బు ఎలాగోలా చూసుకుంటాం. అమ్మాయిలకి ఇందులో ముందు దారి ఉందా, లేక కాలేజీతో సరా?

సెయింట్‌పాల్_అక్క
తమ్ముడూ, ముందు కొత్తవి కొనకు. ఏడాది తిరిగేసరికి కాళ్లు పొడుగవుతాయి, ప్యాడ్ మోకాలి దగ్గర కుదరదు. మా పెద్దదానికి మూడు జతలూ వాడినవే. మొదటి రెండేళ్లు మా ఊరి అసోసియేషన్ వాళ్లే అరువిచ్చారు. మీ దగ్గరా అడిగి చూడు.

దారి సంగతంటావా, మా మిన్నెసోటా రాష్ట్రం పిల్ల మ్యాడీ రూనీని చూడు. ఆండోవర్ హైస్కూల్లో ఆఖరి ఏడాది అబ్బాయిల టీమ్‌కి గోల్ కాసింది. 2018 ఒలింపిక్స్ ఫైనల్ నాటికి దానికి ఇరవయ్యేళ్లు. కెనడాతో 2-2, ఇక షూటౌట్, అంటే ఒక్కొక్కరే వచ్చి గోలీ మీద షాటు కొట్టడం. చివరి షాటు ఆపి అమెరికాకి ఇరవయ్యేళ్ల తర్వాత స్వర్ణం తెచ్చింది. తెల్లారితే ఆఫీసు, అయినా ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. మా పెద్దది మాత్రం హైస్కూల్‌తో ఆపేసింది, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

టంపా_శాస్త్రి
మానన్ రియోమ్ పేరు ఎవరూ ఎత్తలేదేం? క్యుబెక్ అమ్మాయి. 1992 సెప్టెంబరు 23న మా టంపా బే జట్టు తరఫున సెయింట్ లూయిస్ మీద ఒక పీరియడ్, అంటే మ్యాచ్‌లో మూడో వంతు, ఆడింది. సీజన్ ముందు జరిగే ప్రదర్శన మ్యాచే కానీ ఎన్‌హెచ్‌ఎల్ (మగవాళ్ల పెద్ద లీగ్) జట్టుకి ఆడిన మొదటి ఆడపిల్ల. తొమ్మిది షాట్లలో ఏడు ఆపింది. జనాన్ని రప్పించడానికే దింపారని అప్పట్లో అన్నారు, అందులో నిజం ఉంది కూడా. కానీ ఆ ఏడు షాట్లు ఆపింది పబ్లిసిటీ కాదు కదా! తర్వాత 1998 నగానో ఒలింపిక్స్‌లో కెనడాకి ఆడి రజతం గెలిచింది.

ఎస్పూ_వాసి
నేను కాస్త చేదు మాట చెప్తాను, ఏమనుకోకండి. గోల్ ముందు నిలబడేది ఒక్కరే. గోల్ కొట్టే ఫార్వర్డ్‌కి వంతులవారీగా దిగే నాలుగు లైన్లలో ఎక్కడో ఒకచోట చోటు దొరుకుతుంది. రెండో గోలీ మాత్రం బెంచీ తలుపు తీసి మూస్తూ ఉండాల్సిందే.

మా ఫిన్లాండ్ నోరా ర్యాటీ ప్రపంచంలో మేటి గోలీల్లో ఒకరిగా పేరు తెచ్చుకుంది. 2014 సోచి ఒలింపిక్స్ అయ్యాక, ఇరవై నాలుగేళ్లకే, జాతీయ జట్టుకి ఇక ఆడనంది. కారణం గాయం కాదు, ఆడవాళ్లకి జీతమిచ్చే లీగ్ లేకపోవడం. మగవాళ్ల రెండో స్థాయి లీగ్‌లో ఆడింది, తర్వాత మళ్లీ జట్టులోకి వచ్చింది. 2019 ఆడవాళ్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఇక్కడే, అమెరికాతో, నేను స్టేడియంలోనే ఉన్నా. అదనపు సమయంలో మావాళ్లు గోల్ కొట్టారు, పక్కవాడెవడో నన్ను వాటేసుకున్నాడు. వీడియో చూసి ఆ గోల్ చెల్లదన్నారు. షూటౌట్‌లో ఓడిపోయాం. ఆ రోజు ఆమె ఆపినవి యాభై!

బ్రాంప్టన్_నాన్న
అంటే జీతం రాదనా?

టంపా_శాస్త్రి
అప్పటి మాట అది. మీ కెనడా ఆడవాళ్ల లీగ్ సీడబ్ల్యూహెచ్‌ఎల్ 2007 నుంచి పదేళ్లు జీతాలే ఇవ్వలేదు. తర్వాత సీజన్‌కి రెండు వేల నుంచి పదివేల డాలర్లు ఇచ్చారు, 2019లో మూతపడింది. ఇప్పుడున్న ఆడవాళ్ల లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ 2024 జనవరి 1న మొదలైంది, అదీ మీ టొరంటోలోనే. మొదటి సీజన్‌లో కనీస జీతం 35 వేల డాలర్లు. గొప్ప కాదు, కానీ పగలు వేరే ఉద్యోగం, రాత్రి ప్రాక్టీసు అన్న రోజులు చాలామందికి పోయాయి. జట్టుకి ఇద్దరు ముగ్గురు గోలీలు. ఎస్పూ తమ్ముడు చెప్పిన లెక్క అక్కడా మారదు.

లేహ్_చూసొచ్చా
మన దేశానికీ అమ్మాయిల ఐస్ హాకీ జట్టుంది, అందులో ఎక్కువమంది లదాఖ్ వాళ్లే. చాలా ఏళ్లు గడ్డకట్టిన చెరువులే వాళ్ల మైదానాలు, చలికాలం రెండు నెలలు దాటితే ఐసు ఉండేది కాదు. గోలీ నూర్ జహాన్ పాత బట్టలనీ చిత్రాలనీ బాగుచేసే కన్జర్వేటర్‌గా పనిచేస్తూనే ఆడింది. మీ పాపకి ఆవిడ సంగతి చెప్పండి.

బ్రాంప్టన్_నాన్న
వాడిన ప్యాడ్లు దొరికాయి, సగం ధరకే. పాప రాత్రి వాటిని పక్కలో పెట్టుకునే పడుకుంది. కానీ ఆ కంపు! గరాజ్‌లో పెడితే కారు కూడా వాసనొస్తోంది. ఏం చేయమంటారు?

సెయింట్‌పాల్_అక్క
హీటర్ దగ్గర పెట్టకు, బిగుసుకుపోతాయి. పట్టీలన్నీ విప్పి, విడివిడిగా వేలాడదీసి రాత్రంతా ఫ్యాన్ పెట్టు. వెనిగర్ కలిపిన నీళ్లతో లోపల తుడువు. కంపు పూర్తిగా పోదులే, అలవాటైపోతుంది.