హెచ్‌డీపీఈ పైపులైన్‌లో లీకేజీ: సెన్సర్లు చూపిన చోట తవ్వితే పొడి మట్టి

ప్రశ్న (పంపు ఆపరేటరు, మర్రిగూడ మండలం):
మా ట్యాంకు నుంచి చివరి వాడకు పోయే హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపు ఎక్కడో కారుతున్నది, కాని పైన తడి కనిపించడం లేదు. 200 మీటర్ల దూరంలో ఉన్న రెండు వాల్వులకు శబ్దం పట్టే సెన్సర్లు పెట్టగా, లీకేజీ శబ్దం ఊరివైపు వాల్వుకు 0.1 సెకను ముందు చేరింది. లీకేజీ అక్కడికి 40 మీటర్లలో ఉందని పరికరం చూపింది. జేసీబీతో తవ్విస్తే మట్టి పొడిగా ఉంది. ఆ వాడవాళ్లు మళ్లీ ఫ్లోరైడు బోరునీళ్లే పట్టుకుంటున్నారు. కాళ్లు వంకరపోయిన పెద్దలున్న ఇళ్లవి. దయచేసి తొందరగా చెప్పగలరు.

జవాబు 1:
పరికరంలో ఇనుప పైపు వేగం, అంటే సెకనుకు సుమారు 1,200 మీటర్లు, అలాగే ఉండిపోయినట్లుంది. ఆ వేగంతో 0.1 సెకనుకు 120 మీటర్ల తేడా వస్తుంది. 200 లోంచి తీసేసి సగం చేస్తే మీ 40 మీటర్లే. ప్లాస్టిక్ గోడ ఒత్తిడికి సాగుతుంది కనుక అందులో శబ్దం చాలా నెమ్మదిగా నడుస్తుంది. 400 అనుకుంటే లీకేజీ 80 మీటర్ల దగ్గర ఉంటుంది. అయితే ఊహించిన వేగంతో మళ్లీ తవ్వించకండి. రెండో వాల్వు దాటాక ఉన్న నల్లా ఒకటి బాగా తిప్పి, ఆ శబ్దం రెండు సెన్సర్ల మధ్య ఎంతసేపు ప్రయాణించిందో చూడండి. 200 మీటర్లను ఆ సమయంతో భాగిస్తే మీ పైపు అసలు వేగం తెలుస్తుంది.

జవాబు 2:
లెక్క వచ్చిన చోట అటూ ఇటూ జియోఫోన్‌తో (నేలలోని శబ్దాన్ని వినిపించే పరికరం) నేలను కూడా వినండి. వదులు మట్టి తీసేసి గట్టి నేలకు ఆనించి, అర మీటరుకొకసారి జరపండి. ప్లాస్టిక్ పైపు లీకేజీ బొంగురుగా, తక్కువ పౌనఃపున్యంలో మోగుతుంది. కనుక ఫిల్టరును ఆ మేరకు తగ్గించండి. నల్లరేగడి కంటే గట్టి మొరం నేలలో బాగా వినిపిస్తుంది. రాత్రి రెండు, మూడు గంటలకు వాల్వు తెరిచి ఒత్తిడి పెట్టించండి, ఒత్తిడి లేకుంటే శబ్దమే ఉండదు.

జవాబు 3:
మిషన్ భగీరథ కందకాల్లోనే టీ-ఫైబర్ ఇంటర్నెట్ తీగల (ఆప్టికల్ ఫైబర్) గొట్టాలు కూడా వేశారు. కాంతి చెదరడాన్ని కొలిచి అటువంటి తీగతోనే కిలోమీటర్ల పొడవునా నేల కంపనాలు పట్టవచ్చు. కాని గొట్టంలో వదులుగా ఉన్న తీగకు కంపనం బలహీనంగా అందుతుంది, పైగా ఖర్చు ఎక్కువ. మీ 200 మీటర్లకు అది అవసరం లేదు.

ప్రశ్న అడిగినవారు:
నల్లా శబ్దం 0.48 సెకను పట్టింది, అంటే వేగం సెకనుకు సుమారు 417 మీటర్లు. లెక్క 79 మీటర్లకు వచ్చింది, జియోఫోన్ 80 దగ్గర గట్టిగా మోగింది. తవ్వితే పైపు మొనదేలిన రాయికి ఆని చీలి ఉంది. నీళ్లు పక్కనున్న పూడిన పాతబావిలోకి ఇంకుతున్నాయి. ఈ సాయంత్రం చివరి వాడకు నీళ్లు వదిలాము.