అప్‌డేట్: అమ్మకి ఇంట్లో మత్తు ఇంజెక్షన్ వేయించలేదు

పోయిన నెల అడిగాను కదా, అమ్మకి గుండెదడ, ఊపిరాడనంత భయం వచ్చినప్పుడు కావలిలో మా ఇంట్లోనే ఆర్‌ఎంపీ చేత లోరాజెపామ్ ఇంజెక్షన్ వేయించొచ్చా అని. వేయించలేదు. మొన్న రాత్రి మళ్లీ వస్తే నెల్లూరు తీసుకెళ్లాం. ముందు ఈసీజీ తీశారు, గుండె సమస్య కాదని తేలాకే ఇంజెక్షన్ మాట ఎత్తారు. మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ వాడుతోందని అప్పుడు గుర్తొచ్చి చెప్పాను, డాక్టరు వెంటనే ఇంజెక్షన్ డోసు తగ్గించారు, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది, మద్యం తోడైనా అంతే. చెప్పకపోయుంటే అన్న ఆలోచనకే ఇప్పటికీ వణుకొస్తోంది, దయచేసి ఇంట్లో పెద్దవాళ్ల మందులన్నీ చీటీ రాసిపెట్టుకోండి.

సిస్టర్ మందు పలచన చేసి నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కిస్తూ, సిరంజి కంటే అమ్మ ఛాతీనే ఎక్కువ చూసింది. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, పక్కనే ఆక్సిజన్ మాస్కు. ఇవన్నీ ఇంట్లో ఎక్కడ ఉంటాయి?

మర్నాడంతా మగతగానే ఉంది, బాత్రూమ్‌కి కూడా పట్టుకునే తీసుకెళ్లాం. ఇంజెక్షన్ ఆ పూటకే, అలవాటు పడే మందు కాబట్టి ఇప్పుడు ఆందోళన తగ్గించే సెర్ట్రాలిన్ మాత్రలు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. రాత్రిళ్లు టెన్షన్ పెరిగితే మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు అమ్మ ఫోన్‌లో వేశాను.