అప్‌డేట్: కార్లని లేపే లిఫ్ట్ బిగించాం, నేల తవ్వాక

కె.ఆర్.పురంలో మా కార్ల రిపేరు షెడ్డుకి రెండు పోస్టుల (స్తంభాల) లిఫ్ట్ మంచిదా, నాలుగు పోస్టులదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. 4 టన్నులు లేపే రెండు పోస్టులదే తీసుకున్నాం. మాకు ఎక్కువగా వచ్చేది బ్రేకులు, సస్పెన్షన్ పని. చక్రాలు గాలిలో వేలాడాలి. నాలుగు పోస్టులదైతే చక్రాలు దాని పలకల మీదే ఉంటాయి, లేపడానికి మళ్లీ జాక్ పెట్టాలి.

"ముందు నేల చూడండన్నా" అని ఒకరన్నారు, బతికించారు. డ్రిల్ వేసి చూస్తే కాంక్రీటు మూడంగుళాలే, కిందంతా మట్టి! బండి బరువంతా మోసే పోస్టులని పట్టుకునేది కాంక్రీటులోకి దించే యాంకర్ బోల్టులే కదా. పోస్టుల చోట తవ్వి, కమ్మీ కట్టి, అడుగు లోతు కాంక్రీటు పోయించి, అది గట్టిపడాలని 28 రోజులు ఆగాం. లిఫ్ట్ అమ్మినతను మాత్రం "వారం చాలు సార్" అంటూనే ఉన్నాడు.

నిన్న ఇన్నోవా ఎక్కించాం. అడుగెత్తు లేపి, ఊపి చూసి, పైకి పోయాక బండి జారకుండా ఆపే లాక్ 'టక్'మంటే గానీ కిందికి దూరలేదు. మా తమ్ముడు ఇంకా బండి కింద దిగి పని చేసే పాత గుంతే నయమంటున్నాడు.