అటెండెంట్ భత్యం కోసం చెన్నైలో పిటిషన్: ఏ సెక్షన్ కింద, ఎవరికి రాయాలి?

విల్లివాక్కం_వేణు:
అందరికీ నమస్కారం. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు, మస్కులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్ళు కలిపి ఆరుగురి తరఫున పిటిషన్ పెట్టాలి. వికలాంగుల హోమ్‌లో చేరమనకుండా, ఎవరింట్లో వాళ్ళు ఉండేలా అటెండెంట్‌కి నెలనెలా డబ్బు ఇవ్వాలన్నదే కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇద్దరి దగ్గర ఆంధ్రా సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్టే ఉంది. ఇంకో సంగతి, ఒక అపార్ట్‌మెంట్‌లో ర్యాంపుకి ఒప్పుకున్నారు గానీ ఆరడుగుల జాగాయే ఇస్తారట. మెట్లు మూడు. చాలుతుందా?

తెలుగు_ప్లీడరు:
వేణు గారూ, 2016 వికలాంగుల హక్కుల చట్టం చూడండి. ఫలానా చోటే ఉండాలన్న బలవంతం లేకుండా, ఇంటి దగ్గరే వ్యక్తిగత సాయం అందేలా ప్రభుత్వం ప్రయత్నించాలని సెక్షన్ 5 అంటుంది. సెక్షన్ 24లో కేర్‌గివర్ భత్యం మాట ఉంది, కానీ 'ఆర్థిక స్తోమత మేరకు' అని కూడా ఉంది. ఆఫీసుల్లో ఆ మాటే అడ్డం పెడతారు. అందుకే సెక్షన్ 38 జోడించండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నవాళ్ళు తమకు ఎక్కువ సాయం ('హై సపోర్ట్') కావాలని దరఖాస్తు పెడితే, దాన్ని అసెస్‌మెంట్ బోర్డుకి పంపి తీరాలి. ఇది మనిషి మనిషికీ విడిగా జరిగే పరీక్ష. ఒకే కాగితం మీద ఆరు సంతకాలు పెడితే మామూలు ఫిర్యాదు కిందే పోతుంది. ఆరు దరఖాస్తులు విడివిడిగా రాసి, పైన ఉమ్మడి వినతి పెట్టండి.

చట్టం కింద ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. కానీ ఇక్కడి ప్రభుత్వ సాయానికి ఇక్కడి చిరునామా కావాలి. ముందు యూడీఐడీ కార్డులో (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) అది మార్పించండి.

నోట్‌బుక్_మనిషి:
సెక్షన్లు సరే, దరఖాస్తు నిలబడేది గంటల లెక్క మీద. 'రోజంతా సాయం కావాలి' అంటే బోర్డు ఏం తేలుస్తుంది? వారం రోజులు రాయించండి: ఏ పని, ఎన్నింటికి, ఎన్ని నిమిషాలు, ఎంతమంది పట్టాలి, ఇప్పుడు చేస్తున్నది ఎవరు, వాళ్ళ వయసెంత. మెడ దగ్గర దెబ్బతిన్న మనిషికి పొద్దున్నే మూత్రం సంచి ఖాళీ చేయాలి, కీళ్ళు బిగుసుకోకుండా కాళ్ళూ చేతులూ ఆడించాలి, పక్కకి తిప్పి చర్మం చూడాలి, కాలకృత్యాలు, స్నానం, బట్టలు, ఆపైన మంచానికీ కుర్చీకీ మధ్య వేసే బల్ల మీదుగా జరిపి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టాలి. ఒక్కో పనికీ ఒక్కో వరుస.

రాత్రి లెక్క చాలామంది వదిలేస్తారు. మామూలుగా రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి. తుంటి మీద, మడమ మీద వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు కనిపిస్తే పడకపుండు మొదలైనట్టే. రాత్రి లేచేవాళ్ళ శ్రమ కాగితం మీద లేకపోతే 'పగలు ఒకరు చాలు' అనేస్తారు.

బ్యాంకుకీ, పనికీ, పెళ్ళికీ వెళ్ళే గంటలు రాయడానికి మొహమాటపడకండి. ఉద్యోగం, కుటుంబం, నలుగురిలో కలవడం ఇవన్నీ చట్టం చెప్పే 'హై సపోర్ట్' నిర్వచనంలోనే ఉన్నాయి. డబ్బు ఏజెన్సీకి కాకుండా మనిషి ఖాతాలోకే రావాలని, అటెండెంట్‌ని పెట్టుకోవడం, మాన్పించడం అతని ఇష్టమేనని తప్పక రాయండి. తనని ఎవరు తాకాలో తనే చెప్పుకోలేకపోతే సొంతింట్లో ఉన్నా అది హోమే.

పెరంబూరు_మేస్త్రి:
ఆరడుగులు చాలవండీ. మెట్టు ఆరంగుళాలనుకుంటే మొత్తం అడుగున్నర ఎత్తు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు లెక్కన పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. ఆరడుగుల్లో కడితే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది. జాగా లేకపోతే తొమ్మిదేసి అడుగులుగా మడతపెట్టి, మలుపులో ఐదడుగుల చదును వదలండి. వెడల్పు నాలుగడుగులు, రెండు పక్కలా కమ్మీలు. నున్నటి టైల్స్ వద్దు, ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలకి చక్రాలు జారతాయి. సిమెంటు మీద చీపురు గీతలు లాగిస్తే సరి. కింద నేలకి కలిసేచోట అరంగుళం గట్టు మిగిలినా ముందు చక్రం అక్కడే ఆగిపోతుంది.

తెలుగు_ప్లీడరు:
కాగితాలు సోమవారం రాజాజీ సాలై కలెక్టరేట్‌లో, తెలంగాణ ప్రజావాణిలాగే జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో ఇచ్చి, రసీదు నంబరు తీసుకోండి. తమిళ ప్రతి కూడా జతచేయండి. సెక్షన్ 38 కింద అధికారిగా ఎవరిని నోటిఫై చేశారు, ఎన్ని దరఖాస్తులు బోర్డుకి వెళ్ళాయి అని ఆర్టీఐ వేయండి. ఫీజు పది రూపాయలు, జవాబుకి 30 రోజులు. కదలిక లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయండి. ఆయన సిఫారసు చేస్తే ఆ శాఖ మూడు నెలల్లో పాటించాలి, లేదా ఎందుకు పాటించలేదో రాతపూర్వకంగా చెప్పాలి.

విల్లివాక్కం_వేణు:
చాలా థాంక్సండీ. రాత్రి గళ్ళు వేరే పేజీలో గీయాలా?

నోట్‌బుక్_మనిషి:
వద్దు, అదే పేజీలో పది నుంచి ఆరు దాకా గీయండి. వేరే పేజీ అయితే జిరాక్స్‌లో తప్పిపోతుంది.