సీకేలో 241 వచ్చింది, డెర్మటాలజీకి పెట్టొచ్చా?

డల్లాస్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ 2022లో అయింది. అమెరికాలో రెసిడెన్సీకి (స్పెషాలిటీ శిక్షణకి) రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షల్లో స్టెప్ 1 మొదటిసారే పాస్, స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) 241. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చే వీసా) మీద వచ్చి రెండు నెలలైంది. డెర్మటాలజీ అంటే ఇష్టం. మళ్లీ రాసి స్కోరు పెంచుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

హ్యూస్టన్ నుంచి:
కుదరదమ్మా. పాసైన స్టెప్‌ని మళ్లీ రాయనివ్వరు. 2025 జూలై నుంచి సీకే పాస్ మార్కు 218. సరిగ్గా 218 వచ్చినా ఇక అదే ఖాయం. ఇంకా రాయనివాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఎన్‌బీఎంఈ (ఈ పరీక్షలు తయారుచేసే సంస్థ) ప్రాక్టీస్ టెస్టుల్లో అనుకున్న స్కోరు రెండు మూడుసార్లు వరసగా వస్తేనే పరీక్షకి కూర్చోండి. తేదీ వెనక్కి జరిపితే పోయేది కొంత డబ్బు, ఫెయిలైతే ట్రాన్స్‌క్రిప్ట్‌లో (ప్రోగ్రాంలకి వెళ్లే స్కోర్ల పత్రంలో) మచ్చ.

2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కి అంకె లేదు, పాస్ లేదా ఫెయిల్ అంతే. దాంతో జల్లెడ పట్టడానికి సీకేనే మిగిలింది. రెసిడెన్సీ ప్రోగ్రాం వాళ్లు ఎరాస్‌లో (ఆన్‌లైన్ దరఖాస్తు వ్యవస్థలో) సీకే స్కోరు, ఫెయిలైన అటెంప్టులు, పట్టా వచ్చిన ఏడాది, వీసా పెట్టి వడపోస్తారు. ఆ వడపోతలో ఆగిపోతే నీ సిఫారసు లెటర్లు ఎవరూ తెరవరు. దాటాక మాత్రం 241కీ 247కీ పెద్ద తేడా ఉండదు.

డెర్మటాలజీ, ఆర్థో, ఈఎన్‌టీల్లో సీటొచ్చిన అమెరికా ఎండీ విద్యార్థుల సగటే 255 చుట్టుపక్కల. పైగా మనలాంటి ఐఎంజీలకి (అమెరికా బయట మెడిసిన్ చదివినవాళ్లకి) అక్కడ 260 ఉన్నా చాలదు. ఇక్కడి డిపార్ట్‌మెంట్‌లో ఒకటి రెండేళ్లు రీసెర్చ్, పేపర్లు, ఆ ఫ్యాకల్టీ రాసిన లెటర్లు కావాలి. అంత సమయం పెట్టగలిగితేనే ఆ దారి.

డెట్రాయిట్ నుంచి:
అన్నయ్య గారు చెప్పింది నిజమే, కానీ 241 చిన్న స్కోరేం కాదు చెల్లీ. ఇంటర్నల్ మెడిసిన్‌లో కమ్యూనిటీ ప్రోగ్రాంలు, ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, పాథాలజీ అందుబాటులోవే. ఇంటర్నల్ మెడిసిన్‌లో 'కేటగిరికల్' (పూర్తి శిక్షణ సీట్లు) అన్నవి ఎంచుకో; 'ప్రిలిమినరీ' సీటు ఒక్క ఏడాదే.

2025 సీజన్లో ఎరాస్ ధర మొదటి 30 ప్రోగ్రాంలకి ఒక్కోదానికి 11 డాలర్లు, 31వ దాని నుంచి 30. అంటే వంద పెడితే 2,430 డాలర్లు. రెండు స్పెషాలిటీలైతే దేని లెక్క దానిదే. ఆ సీజన్లో ఇంటర్నల్ మెడిసిన్‌లో సిగ్నల్స్ (ఈ ప్రోగ్రాం మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉందని దరఖాస్తులో చెప్పే గుర్తులు) గోల్డ్ 3, సిల్వర్ 12. పేరున్న చోట్లకి వృథా చేయకుండా, ఇప్పుడున్న రెసిడెంట్లలో ఐఎంజీలు కనిపించే ప్రోగ్రాంలకి వాడు. రెండు స్పెషాలిటీలు పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది: డెర్మటాలజీ పర్సనల్ స్టేట్‌మెంట్‌ని మెడిసిన్ ప్రోగ్రాంకి జత చేసేస్తారు. సబ్మిట్ నొక్కేముందు ఒక్కొక్కటీ తెరిచి చూసుకో.

వీసా సంగతి స్కోరంత ముఖ్యం. రెసిడెన్సీకి హెచ్1బీ (ఉద్యోగ వీసా) కావాలంటే స్టెప్ 3 పాసై ఉండాలి. జే1 (శిక్షణకి వచ్చేవాళ్ల వీసా) తీసుకుంటే ఆ తర్వాత రెండేళ్లు ఇండియాలో ఉండాలన్న షరతు పడుతుంది. అది తీరేదాకా, లేదా వెయివర్ (మినహాయింపు) వచ్చేదాకా, మీ ఆయన గ్రీన్ కార్డు వంతు వచ్చినా నీది ఆగిపోతుంది. ఈ ముక్క సంతకం పెట్టాక తెలిసినవాళ్లు చాలామంది.

డల్లాస్ నుంచి:
హెచ్4 ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) ఉందక్కా. అయితే స్టెప్ 3 అక్కర్లేదా?

డెట్రాయిట్ నుంచి:
తప్పనిసరి కాదు. ఫెయిలైతే అదీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తుంది కాబట్టి తొందరపడకు. ఈఏడీతో పనిచేయనిస్తారో లేదో ప్రతి ప్రోగ్రాంకీ ముందే మెయిల్ పెట్టి అడుగు, కొందరు ఒప్పుకోరు. గడువు కూడా చూసుకో: 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యూవల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. 180 రోజుల ముందే ఫైల్ చేయొచ్చు, ఆ మొదటి రోజే చేసెయ్.