కాంటెస్సాకు కాయిలోవర్లు: కుడివైపు ఒరుగుతున్న బండి ఎత్తును సరిచేయడం ఎలా?

ప్రశ్న: కాంటెస్సా_విజయనగరం

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజన్ ఉన్న కాంటెస్సా క్లాసిక్ కారు ఉంది. పాత స్ప్రింగులు కుంగిపోవడంతో, షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండి, మరలున్న రింగు తిప్పి ఎత్తు మార్చుకునే కాయిలోవర్లను నాలుగు చక్రాలకూ ఒక వర్క్‌షాపులో చేయించి బిగించాము. బండి చేతికి వచ్చేసరికి ముందు భాగాన్ని బాగా దించేసి ఉంది. చూపులకు పాత అమెరికన్ మజిల్ కారులా ఉన్న మాట నిజమే గానీ, గంటస్తంభం దాటి మా వీధిలోకి తిరిగేలోపు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సైలెన్సర్ పైపు గీసుకుంటోంది.

దీనికి తోడు ముందు కుడి మూల ఎడమదాని కంటే సుమారు 15 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఆ రింగును పైకి బిగిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. జాకీ మీద లేపినప్పుడు మాత్రం ముందు స్ప్రింగులు కూర్చునే చోట వదులై చేతికి కదులుతున్నాయి. అది ప్రమాదమా? ఊళ్లో తిరగడానికీ, అప్పుడప్పుడు శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కడానికీ పనికివచ్చే ఎత్తు ఎంతో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పాతబండ్ల_మేస్త్రి, శ్రీకాకుళం

మాస్టారూ, రింగు ముట్టుకునే ముందు ఆ వంపు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. ముందు కుడి మూల కుంగినంత మాత్రాన లోపం అక్కడే ఉండాలని లేదు. నాలుగు కోళ్ల మంచానికి తల వైపు ఒక కోడు పొడవైతే, కాళ్ల వైపు ఎదురు మూల మీద బరువు పడుతుంది. బండి కూడా అంతే. వెనుక ఎడమ రింగు ఎక్కువ బిగిసి ఉన్నా ముందు కుడి మూలే దిగుతుంది. అది తెలియక ముందు రింగును పైకి బిగిస్తే పైకి మట్టంగానే కనిపిస్తుంది. కానీ బరువంతా ఎదురెదురు మూలల మీదికి చేరి, బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. మట్టమైన నేల మీద బండిని నిలిపి, టైర్లలో గాలి సరిచూసి, ముందు వైపు స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు చక్రాలనూ కలిపే కడ్డీ) లింకును ఒక వైపు విప్పండి. ముందు చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, వెనుక హౌసింగ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే ఇరుసు గొట్టం) నడుమ, డిఫరెన్షియల్ ఉన్న ఉబ్బు కింద జాకీ పెట్టి, వెనుక టైర్లు నేలను వదిలేంత వరకే లేపండి. ఆ సమయంలో బండి కిందికి ఎవరూ దూరకూడదు. వెనుక భాగం ఒకే చోట ఆని ఉంటుంది కాబట్టి, బండిని అటో ఇటో వంచే బలం వెనుక స్ప్రింగులకు అప్పుడు ఉండదు. ముందు భాగం తనంతట తాను మట్టానికి వస్తే లోపం వెనుక ఉన్నట్టు. అప్పటికీ కుడివైపే ఒరిగి ఉంటే ముందు రింగుల సంగతి చూడాలి.

కొలతల విషయంలో ఒక మాట. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలవమని అందరూ చెబుతారు, కొత్త బండికి అది సరైనదే. మన పాత బండ్లకు ఎన్నిసార్లు టింకరింగ్ జరిగిందో, ఏ మడ్‌గార్డు అంచున ఎంత పుట్టీ ఉందో ఎవరికి తెలుసు? అందుకని లోయర్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది చేయి) ఛాసిస్‌కు బిగిసిన బోల్టు నుంచి నేలకు రెండు వైపులా కొలవండి. మడ్‌గార్డు కొలతలో తేడా ఉండి ఇక్కడ లేకపోతే, ఆ తేడా రేకుది.

స్ప్రింగు వదులుగా ఉండటం మాత్రం తేలికగా తీసుకోవలసింది కాదు. షాక్ పొడవు మారకుండా రింగును మాత్రమే దించుకుంటూ పోతే, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు కంటే దాని చోటే పెద్దదవుతుంది. గోతిలో దిగి లేచేటప్పుడు స్ప్రింగు పక్కకు జరిగి కూర్చోవచ్చు. రింగులను పైకి తెచ్చినా వదులు పోకపోతే, ఆ స్ప్రింగు కింద, ఆ వదులును నింపే సన్నని హెల్పర్ స్ప్రింగు వేయించడం మేలు.

జవాబు: ఘాట్_రోడ్డు

మేస్త్రి గారి పరీక్షతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎత్తు ఎంత అన్న ప్రశ్నకు మిల్లీమీటర్లలో ఒక అంకె చెప్పడం కంటే, ఎక్కడ ఆగాలో చెప్పడం సరైనది. బండి నేల మీద నిలబడి ఉండగా ముందు లోయర్ ఆర్మ్‌లు ఇంచుమించు అడ్డంగా ఉండాలి. చక్రం వైపు కొస ఛాసిస్ వైపు కంటే పైకి లేచిందంటే బండిని మితిమీరి దించినట్టే. ఆ స్థితిలో మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది, గతుకు ఎక్కిన ప్రతిసారీ స్టీరింగు తనంతట తాను కదులుతుంది. షాక్ రాడ్‌కు ఉన్న మొత్తం ప్రయాణంలో సుమారు ఐదింట మూడు వంతులు లోపలికి వెళ్లడానికి మిగిలి ఉండేలా చూసుకుంటే, ఘాట్ రోడ్డులో నలుగురితో వెళ్లినా షాక్ పూర్తిగా దిగకుండా ఆపే బంప్ రబ్బరు తగలదు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తుతో ఉండాలి. వీధివారు సిమెంటు కలిపి పోసుకున్న గట్లు ఆ లెక్కకు లొంగవు కాబట్టి, అందం కోసం దించడాన్ని నేను సమర్థించలేను.

రింగు తిప్పేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ముందు వైపు కాయిలోవర్ కింది కొస చక్రం దగ్గర కాకుండా ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది. ఛాసిస్ బోల్టు నుంచి చక్రం వైపు కొసన ఉండే బాల్ జాయింట్ వరకు ఉన్న పొడవులో 0.6 వంతు దగ్గర అది ఉంటే, రింగును 10 మిల్లీమీటర్లు జరిపినప్పుడు బండి సుమారు 17 మిల్లీమీటర్లు లేస్తుంది. వెనుక షాక్ హౌసింగ్ మీద నిలువుగా నిలబడి ఉంటే రింగు ఎంత జరిగితే బండి ఇంచుమించు అంతే లేస్తుంది. ఈ తేడా పట్టించుకోకుండా ముందు వెనుక రింగులను ఒకే కొలతతో తిప్పేవారు, ముక్కు పైకెత్తిన బండిని చూసి స్ప్రింగును తిడతారు.

ప్రశ్న అడిగినవారు: కాంటెస్సా_విజయనగరం

ఇద్దరికీ ధన్యవాదాలు. మేస్త్రి గారు చెప్పినట్టు హౌసింగ్ కింద జాకీ పెట్టి లేపగానే ముందు భాగం మట్టానికి వచ్చింది. వెనుక రింగులను చూస్తే ఎడమవైపు రింగు కింద మరలు ఎక్కువగా కనిపిస్తున్నాయి, అంటే అది కుడిదాని కంటే బాగా పైకి బిగిసి ఉంది. దానిని దించుదామంటే కదలడం లేదు, మరల నిండా తెల్లటి పొర పట్టింది. బండి ఇంతకు ముందు చాలాకాలం భీమునిపట్నంలో సముద్రం పక్కన ఉండేది గానీ, ఈ కాయిలోవర్లు వేయించింది ఇటీవలే.

జవాబు: పాతబండ్ల_మేస్త్రి, శ్రీకాకుళం

తెల్లటి పొర అల్యూమినియం తుప్పు. మన తీరప్రాంతపు తేమకు అది పట్టడానికి ఎంతో కాలం అక్కరలేదు. సుత్తితోనూ ఉలితోనూ కొట్టకండి, అల్యూమినియం మర ఒకసారి నలిగితే షాక్ మొత్తం మార్చవలసి వస్తుంది. బండిని ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలిపి, చక్రాలు వేలాడదీసి, స్ప్రింగు మీద బరువు తీసేయండి. మరలను ఇత్తడి బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి. లాక్ రింగును, పక్కన చిన్న స్క్రూ ఉంటే దానిని, ముందు వదులు చేసిన తరువాతే అసలు రింగుకు హుక్ స్పానర్ తగిలించాలి. ఇప్పుడున్న చోట పెయింటు చుక్క పెట్టుకుంటే ఎంత తిప్పారో తెలుస్తుంది.

బండిని కిందికి దించిన వెంటనే కొలవకండి. లేపి దించిన బండి టైర్లు లోపలికి లాగబడి ఉంటాయి, కాబట్టి కొన్ని గజాలు ముందుకూ వెనక్కూ తోసి, మడ్‌గార్డుల మీద గట్టిగా నొక్కి వదిలాకే కొలత నిజమవుతుంది. డ్రైవర్ సీట్లో మీ బరువుకు సమానంగా బియ్యం బస్తాలు ఉంచి కొలిస్తే ఇంకా మంచిది. వెనుక సరిపోయాకే ముందు రింగులను రెండు వైపులా సమానంగా పైకి తీసుకురండి. చివరగా స్టెబిలైజర్ లింకు బిగించండి.

జవాబు: ఘాట్_రోడ్డు

ఎత్తు మారితే క్యాంబర్ (చక్రం నిలువు వంపు), టో (చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ చేయించకుండా హైవే ఎక్కకండి. బండి పైకి లేచాక ముందు బ్రేకు గొట్టాలు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, బిగిసిపోకుండా ఉన్నాయో లేదో స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి చూడండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నియంత్రిస్తుంది, కనుక విప్పిన పాత స్ప్రింగులను పాత ఇనుము కొట్టుకు వేయకుండా దాచి ఉంచండి. హెడ్‌లైట్ల వెలుగు ఇప్పుడు ఎదుటివారి కళ్లలో పడుతుంది, ఆ స్క్రూలు కూడా అదే రోజు సరిచేయించండి.