ఆటిజం ఉన్న పసిబిడ్డకు థెరపీ: తల్లిదండ్రులు నేర్చుకుంటే సరిపోతుందా?

మూడేళ్ల బాబు నాన్న:
మా అబ్బాయికి ఆటిజం ఉందని తేలి రెండు నెలలైంది. వారానికి ఐదు రోజుల థెరపీకి అడుగుతున్న ఫీజు మా ఇంటి అద్దెను మించిపోయింది. తల్లిదండ్రులే శిక్షణ పొంది ఇంట్లో చేయించవచ్చని ఒక డాక్టరుగారు అన్నారు. ఇది నిజంగా చికిత్సేనా, లేక థెరపిస్టుల కొరతను మన నెత్తిన వేయడమా?

ఆరేళ్ల బాబు అమ్మ:
చికిత్సేనండీ. మాకు శిక్షణ ఇచ్చినావిడ, నేను బాబుతో ఆడుతుండగా వీడియో తీసి, తర్వాత పక్కన కూర్చోబెట్టుకొని చూపించేవారు. మొదటి వీడియోలో వాడు గిన్నె మూతను నేలమీద గిరగిరా తిప్పుతుంటే, నేను “ఇదేంటి? ఏ రంగు?” అని ఊపిరాడనివ్వకుండా అడుగుతున్నాను. మూత ఆగగానే వాడు ఒక్కసారి నావైపు చూశాడు. ఆ క్షణంలో నేను రంగుల పుస్తకం వెతుక్కుంటున్నాను. మర్నాటి నుంచి నోరు మూసుకొని నేనూ ఒక మూత తిప్పసాగాను. కొన్నాళ్లకు వాడే మూత తెచ్చి నా చేతిలో పెట్టాడు.

స్పీచ్ థెరపిస్టు:
అమ్మగారి అనుభవం విలువైనదే. అయితే ఇదే తరహా పద్ధతిని బ్రిటన్‌లో 152 మంది పిల్లలతో పరీక్షించిన ‘పాక్ట్’ అధ్యయనం 2010లో చెప్పింది వేరు: తల్లిదండ్రులు స్పందించే తీరు బాగా మారింది గాని, పిల్లల ఆటిజం లక్షణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆ తగ్గుదల, చికిత్స ముగిసిన సుమారు ఆరేళ్లకు 121 మందిని మళ్లీ చూసినప్పుడు, 2016లో కనిపించింది. గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఇదే పద్ధతిని నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తల ద్వారా 65 మంది పిల్లల కుటుంబాలతో పరీక్షించినప్పుడు, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. తల్లీబిడ్డలు కలిసి ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. పైగా పాక్ట్‌లో ఆరు నెలలపాటు పక్షానికోసారి రెండేసి గంటలు థెరపిస్టు వెంట ఉన్నారు. ఒక పూట వర్క్‌షాపు పెట్టి, చేతిలో కరపత్రం పెట్టి పంపించేయడాన్ని అదే పేరుతో పిలిస్తే నేను ఒప్పుకోను.

మూడేళ్ల బాబు నాన్న:
ఇంట్లో రోజూ ఒక అరగంట ఇలా ఆడించాలన్నా అది మా ఆవిడ అరగంటే అవుతుందని ఇప్పుడు అర్థమైంది. ఆవిడకు ఇప్పటికే నిద్ర చాలడం లేదు. ఫీజు లేకుండా చూసేవాళ్లు ఉన్నారా?

స్పీచ్ థెరపిస్టు:
పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో డీఈఐసీలు, అంటే ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు తొలిదశలోనే సాయం చేసే కేంద్రాలున్నాయి. హైదరాబాద్ దగ్గరైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది. అక్కడ “శిక్షణ ఇస్తారా” అని మాత్రమే కాదు, “ఎన్ని నెలలు మావెంట ఉంటారు” అని అడగండి. వీడియోలో మీరూ ఉండండి.